చెరువుల గాలికి పనికిరాని ల్యాప్‌టాప్

మా ల్యాప్‌టాప్ వారంటీ ఉన్నన్నాళ్ళూ వేడెక్కింది. వారంటీ అయిపోయిన నెలలోనే ఆగిపోయింది. అంత పద్ధతి తెలిసిన యంత్రాన్ని నేను మళ్ళీ చూడలేదు.

నేను భీమవరంలో ఒక కాలేజీలో కామర్స్ చెబుతాను. వినియోగదారుల హక్కుల పాఠం ఏటా నా వంతే. అందుకని ఇంట్లో ఏ వస్తువు పాడైనా అందరూ నా వంక చూస్తారు, దాన్ని నేనే తయారుచేసినట్టు.

నిజానికి వేడెక్కుతోందని వారంటీలో ఉండగానే షోరూముకి పట్టుకెళ్ళాను. మేనేజరు దాని మీద చెయ్యి వేసి చూసి, “ఎండలు కదండీ. మనుషులమే మాడిపోతున్నాం, అదెంతండి పాపం” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే ఇంటికి తెచ్చుకున్నాను.

పూర్తిగా ఆగిపోయాక మళ్ళీ వెళ్ళాను. మా వైపు, కాదని చెప్పేటప్పుడు కూడా ‘అండి’ తగిలిస్తారు కాబట్టి, కాదన్నారని మనకు అర్థమయ్యేసరికి సగం మెట్లు దిగిపోతాం.

“మదర్‌బోర్డు పోయిందండి” అన్నాడు మేనేజరు.

“కొత్తది వేస్తారా?”

“తప్పకుండా వేస్తామండి. కాకపోతే ఆ డబ్బులకి ఇంకాస్త కలిపితే కొత్త ల్యాప్‌టాపే వచ్చేస్తుందండి.”

“ఈ లోపం గురించి వారంటీలో ఉండగానే మీకు చెప్పాను కదండీ. అప్పుడు మీరు పట్టించుకోనిదే ఇప్పుడు ముదిరింది. గడువు అయిపోయినంత మాత్రాన మీ బాధ్యత పోదు.”

“నూటికి నూరుపాళ్ళూ కరెక్టండి. ఎంత బాగా చెప్పారండీ! మా అమ్మాయికి మీలాంటి మేడం దొరికితే బాగుణ్ణు. కానీ సిస్టమ్ తీసుకోదండి.”

సిస్టమ్ అంటే ఆయన బల్ల మీదున్న కంప్యూటరు. అది మాత్రం బాగానే పనిచేస్తోంది.

కంపెనీకి ఫోన్ చేస్తే, ఫిర్యాదు వెబ్‌సైటులో పెట్టమన్నారు. ఫోన్‌లోనే కళ్ళు చికిలించుకుంటూ పెట్టాను. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ సమస్య పరిష్కారమైంది’ అని ఒకే మెసేజ్‌లో రెండూ వచ్చాయి. ఇక వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడమేనని ఇంట్లో ప్రకటించాను.

మా అత్తగారు రొయ్యల చెరువులు చూసుకునే మనిషి. బయటివాళ్ళైతే చిన్నా పెద్దా ఎవరినైనా మీరు అనే అంటారు. మేత బస్తా ఎత్తుకుపోతూ దొరికినవాణ్ణి కూడా, “ఎందుకండీ మీకీ శ్రమ” అన్నారట. అంతా విని, “కమిషన్‌కి వెళ్దువుగాని అమ్మా. ముందు ఓసారి నేనూ వస్తాను. గట్టిగా ఏం మాట్లాడనులే” అన్నారు.

ఆవిణ్ణి చూడగానే మేనేజరు కుర్చీ వేయించి, కొత్త కారణం చెప్పాడు. “మీ ఇల్లు చెరువుల దగ్గర కదండీ అమ్మగారూ. ఆ ఉప్పు గాలికి లోపల తుప్పు పట్టేస్తుందండి. అలాంటిది వారంటీ ఉన్నా కూడా దాని కిందికి రాదండి.”

“ఆయ్, అలాగాండి” అన్నారావిడ ఎంతో శ్రద్ధగా. “ఈ చుట్టుపక్కల చెరువుల గాలి తగలని ఇల్లేదైనా ఉందాండి?”

ఆయన నిజంగానే ఆలోచించాడు. “లేదనుకోండి.”

“మరి ఆ గాలికి ఆగని సరుకు ఇక్కడెందుకు అమ్ముతున్నారండి?”

ఆయన నా వైపు చూశాడు. నా దగ్గర సెక్షన్లు ఉన్నాయి గానీ, ఈ ప్రశ్న లేదు. కంపెనీ వాళ్ళని అడగాలన్నాడు. “అడగండి, మేం కూర్చుంటాం” అని ఆవిడ తలుపు పక్కనున్న సోఫాలోకి మారారు.

కాసేపటికి ఒక జంట వచ్చి సరిగ్గా మా ల్యాప్‌టాప్ లాంటిదే చూడసాగింది. అత్తగారు పలకరించారు.

“ఏ ఊరండీ మీది?”

“ఉండి దగ్గరండి.”

“చుట్టూ చెరువులేనా?”

“అన్నీ చెరువులేనండి.”

“అయితే ఇది వద్దండి. చెరువుల గాలికి ఆగదట. నేను చెప్పడం కాదు, మేనేజరు గారే చెప్పారు. ఎంత నిజాయితీ అండీ ఆయనకి!”

జంట మేనేజరు వైపు తిరిగింది. ఆయనకి అవునన్నా కాదన్నా కష్టమే. ఆలోచించుకుని వస్తామని వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన మాకు కాఫీ తెప్పించాడు. అత్తగారు తాగారు గానీ లేవలేదు. గుమ్మంలో ఇంకెవరిదో బండి ఆగడం చూసి, ఆయన ఫోన్ పట్టుకుని గబగబా లోపలికి వెళ్ళాడు.

బయటికొచ్చి, “ప్రత్యేక కేసు కింద ఉచితంగా వేస్తారటండి” అన్నాడు.

“సిస్టమ్ తీసుకుందాండి?” అన్నాను.

“తీసుకుందండి.”

ఆటోలో నాకు సంతోషం కంటే ఉక్రోషమే ఎక్కువైంది. “ప్రత్యేక కేసేంటి అత్తయ్యా! అది మన హక్కు” అన్నాను.

“హక్కే కదమ్మా. లేకపోతే ఆ కాఫీకి మొహమాటపడి లేచొచ్చేసేదాన్ని” అన్నారావిడ.

బోర్డు మార్చారు, దానికి కొత్తగా వారంటీ కూడా ఇచ్చారు. ల్యాప్‌టాప్ వేడెక్కడం మానేసింది. కొన్నాళ్ళకి కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, తమ సేవకి పదికి ఎన్ని మార్కులు ఇస్తారని అడిగింది. ఫోన్ అత్తగారి చేతిలో ఉంది.

“ఇప్పుడే ఏం చెప్తామండి? వారంటీ ఉన్నన్నాళ్ళూ అందరూ మంచివాళ్ళే. అది అయిపోయాక చెయ్యండి, చెప్తాను” అన్నారు.

ఆ సాయంత్రమే మెసేజ్ వచ్చింది, పదికి పది ఇచ్చినందుకు ధన్యవాదాలని.