మామ్మగారి ముందువాటా

మొన్న కొత్తపేట నుంచి కార్డు వచ్చింది. మామ్మగారు పోయారని ఆవిడ చెల్లెలి కొడుకు రాశాడు. నాలుగే వాక్యాలు. జ్వరం తగిలిందనీ, మూడోరోజు తెల్లవారుతుండగా ప్రాణం పోయిందనీ, కర్మ అక్కడే జరుగుతోందనీ, మీకు తెలియజెయ్యమని ఆవిడే ఒకసారి అన్నారనీ.

"ఎవరింట్లో పోయేరండీ?" అని అడిగింది నా భార్య.

చెల్లెలింట్లో అన్నాను. "సొంత ఇల్లుండి..." అని, మాట పూర్తి చెయ్యకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

మామ్మగారు మాకు చుట్టం కారు. అమలాపురంలో ఆవిడ ఇంట్లో మేము అద్దెకుండేవాళ్ళం. యుద్ధం రోజుల్లో నేను అక్కడ హైస్కూల్లో మేష్టరుగా చేరాను. అప్పట్లో ఊళ్ళో ఇల్లు దొరకడం గగనంగా ఉండేది. వీధివైపు వాటా మాకిచ్చి, పెరటివైపు వాటాలో ఆవిడ ఒక్కరూ ఉండేవారు. భర్త పోయాక, ఉప్పలగుప్తం దగ్గరున్న పొలం అమ్మి కట్టించిన ఇల్లది. "పొలమైతే గట్టుమీద నిలబడే మగాడు కావాలండి. ఇల్లయితే నేను కూచున్నచోటికే ఇంత ముద్ద తెచ్చి పెడుతుంది" అని అప్పుడు అనుకున్నారట. మేమిచ్చే అద్దె తప్ప ఆవిడకి వేరే ఆధారం లేదు.

అయినా అద్దె పట్టుకెళితే చేత్తో అందుకునేవారు కాదు. "ఆ గూట్లో పెట్టండి" అని, వెంటనే మా ఆవిడ ఒంట్లో ఎలా ఉందో అడిగేవారు. ఆ డబ్బు కోసం ఎదురుచూస్తున్నట్టు మాకు అనిపించకూడదని కాబోలు. పెరట్లో కొబ్బరికాయలు దింపించినప్పుడల్లా సగం మా గుమ్మంలో ఉండేవి. వద్దంటే ఊరుకునేవారు కాదు. "మీరిచ్చే అద్దె గోడలకండి. కాయ చెట్టుది" అనేవారు. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు పురిటికి రావలసిన మా అత్తగారు మంచాన పడ్డారు. పదకొండు రోజులూ పథ్యం వండి పెట్టింది మామ్మగారే.

యుద్ధం అయిపోయింది, ధరలు మాత్రం దిగలేదు. మా అద్దె ఒక్కటే ఉన్నచోట ఉంది. ఇళ్ళవాళ్ళు అద్దె పెంచకూడదనీ, ఉన్నవాళ్ళని ఖాళీ చేయించకూడదనీ చట్టం వచ్చింది. ఆ చట్టం వల్ల వీధిన పడకుండా బతికినవాళ్ళలో నేనూ ఉన్నాను. దాన్ని తిట్టడానికి నాకు నోరు లేదు. ఒకసారి నా అంతట నేనే కాస్త ఎక్కువ ఇవ్వబోతే, మామ్మగారు వెనక్కి నెట్టేశారు. "పుచ్చుకుంటే తప్పంటున్నారు కదండీ. ఈ వయసులో నాకు కచేరీ మెట్లెందుకండీ?" అన్నారు.

ఒక ఏడు కార్తీకంలో గాలివాన పెరటివాటా పెంకులన్నీ ఎగరేసుకుపోయింది. పడమటిగోడ వాలింది. పునాది నుంచి మళ్ళీ కట్టాలన్నాడు తాపీమేస్త్రి. కట్టించే శక్తి ఎక్కడిది? వంటింటి మూల కాస్త కప్పు మిగిలితే, ఆ కిందే మామ్మగారు పడుకునేవారు. ఓ ఉదయం మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"అడగడానికి నోరు రావడం లేదండి, మేష్టారూ. మీకెక్కడైనా ఓ వాటా దొరికితే, నేను ముందుకొచ్చేస్తానండి. వెనకది పడితే పడనీండి."

"మిమ్మల్ని ఎవరూ కదపలేరు, ఉండండి" అన్నారు తోటి మేష్టర్లు. నాకు మనసొప్పలేదు. అంబాజీపేటలో మా తోడల్లుడి ఇంట్లో ఒక గది చూసుకుని, సైకిలు మీద స్కూలుకి రావచ్చనుకున్నాను.

మేము సామాను బండికెత్తిన రోజే మామ్మగారు తన గిన్నెలు తెచ్చి ముందువాటాలో సర్దుకోబోయారు. ఆపింది నేనే.

"తొందరపడకండి మామ్మగారూ. ఖాళీ అయిన ఇంటి సంగతి వారంలోపల సర్కారు కచేరీకి తెలపాలి, ఎవరికివ్వాలో వాళ్ళే చెబుతారు. చెప్పకుండా చేరితే తప్పవుతుంది. సొంతానికి కావాలని రాద్దాం, ఇచ్చేస్తారు."

"నా ఇంట్లోకి నేను వెళ్ళడానికీ రాయాలాండీ?"

"రాయాలండి."

"ఆయ్. చదువుకున్నారు, మీరెలా అంటే అలాగేనండి" అని గిన్నెలు వెనక్కి పట్టుకెళ్ళారు.

దరఖాస్తు నేనే రాశాను, ఇంగ్లీషులో, కుదురైన దస్తూరీతో. రాశాక నాకే ముచ్చటేసింది.

పదిరోజులు తిరక్కుండా జవాబొచ్చింది. ముందువాటా ఒక సర్కారు ఉద్యోగికి కావాలి. అదే ఇంటి వెనకభాగంలో దరఖాస్తుదారుకి నివాసం ఉంది. కనుక కోరిక మన్నించడానికి వీల్లేదు. ఆ ఉద్యోగి పిల్లాజెల్లాతో దిగాడు. చెడ్డవాడేం కాదు, తనూ ఇల్లు దొరక్క సత్రంలో నెలలు గడిపినవాడే. మామ్మగారు వాళ్ళకి నుయ్యి చూపించి, చేద ఇచ్చారట.

నేను కచేరీకి పరుగెత్తాను. అధికారి కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు.

"ఆవిడకి ఉండడానికి వేరే చోటు లేదంటే ఇవ్వగలనండి. ఉందని మీ దరఖాస్తులోనే ఉంది కదండీ."

చూపించాడు. ఆవిడ చిరునామా దగ్గర "వెనకవాటాలో నివసిస్తున్న" అని నా దస్తూరీలోనే ఉంది.

గోడ వాలిందనీ, కప్పు లేదనీ మళ్ళీ రాశాను. విచారణ వాయిదా పడుతూ వచ్చింది. మరుసటి వానల్లో ఆ గోడ కూలిపోయింది. ఆ వేళకి ఆవిడ నూతి దగ్గరుండబట్టి బతికారు. చెల్లెలు వచ్చి కొత్తపేట తీసుకుపోయింది. ఇప్పుడైనా ఇల్లు లేదన్న మాట నిజమైంది కదా అని ఇంకొకటి రాశాను.

రెండేళ్ళకి ఉత్తర్వు వచ్చింది. పట్టుకుని నేనే కొత్తపేట వెళ్ళాను. మామ్మగారు చిక్కిపోయి ఉన్నారు. ఇంగ్లీషు చదివి, తెలుగులో చెప్పాను. దరఖాస్తుదారు కొంతకాలంగా కొత్తపేటలో బంధువుల ఇంట్లో ఉంటున్నారు. అమలాపురంలో నివాసం అవసరమని రుజువు కాలేదు. కొట్టివేయడమైనది.

ఆవిడ ఆ కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"అంటే, వెనకవాటా ఉన్నప్పుడు ఇల్లుందన్నారు. అది పడిపోయాక ఊళ్ళో లేనన్నారు. అంతేనాండీ?"

"అంతేనండి. పైకోర్టుకి..."

"వద్దండి. ఇంక రాయకండి." నా మొహం చూసి కాబోలు, గొంతు తగ్గించారు. "మీరు మంచికే రాసేరు మేష్టారూ."

ఆవిడ తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో. పథ్యం వండిపెట్టిన చేతులకి నేను తిరిగి ఇచ్చింది ఆ కాగితమే. ఆవిడ పోయాక కూడా, నన్ను నేను ఓదార్చుకునే మాట ఒక్కటీ దొరకలేదు.

ఆ రోజు వద్దంటున్నా వినకుండా నాతో బస్సు దాకా నడిచారు. మిట్టమధ్యాహ్నం, కాళ్ళు కాలుతున్నాయి. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు పక్క దుమ్ములో మామ్మగారు, ఎండకి ఆ ఉత్తర్వు కాగితం నెత్తిమీద అడ్డం పట్టుకుని నిలబడి ఉన్నారు.