చెప్పకుండా మానేస్తే

నగర శివారు తాకేటా నుంచి వచ్చే బస్సులో ఆమె నా పక్కన కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. రాత్రి చెల్లెలింట్లో ఉండి, నేరుగా పార్కులో పెద్దవాళ్ళ వ్యాయామం క్లాసుకు వెళ్తున్నానంది. లైబ్రరీలో ఆరోగ్యం అరలోని పుస్తకాలన్నీ చదివినవాణ్ణి కదా, మోకాలి కండరం ఎలా బలపడుతుందో ఉత్సాహంగా చెప్పాను.

ఆమె నవ్వింది. "మోకాలికేటి బాబూ, అదెప్పుడో పోయింది. నాను కుర్చీలో కూకుని చేతులూపుతానంతే. ఒంటిగా ఉంటాను కదా. చెప్పకుండా మానేసినోళ్ళ ఇంటికి క్లాసులో మావోళ్ళు క్లాసవగానే ఎల్లి, ఉన్నారో పోయారో అని తలుపు కొడతారు. అందుకే ఎల్తాను."

అంతలో పెట్రోలు కోసం నిలబడ్డ కార్ల వరసలో మా బస్సు ఇరుక్కుంది. అరగంటయినా కదల్లేదు. ఆమె నవ్వు మాయమైంది.

"పార్కు పక్క సందులోనే నా ఇల్లు. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఆళ్ళవి నాకంటే పాడు మోకాళ్ళు. అయినా ఎక్కేస్తారు."

"నంబరు చెప్పండమ్మా, ఫోన్ చేస్తాను," అన్నాను.

ఆమె ఫోను ఇంట్లోనే మరిచిపోయింది. ఒక్క నంబరూ గుర్తులేదు. పరుగెత్తి చెప్పివద్దామన్నా పార్కు ఇంకా చాలా దూరం.

క్లాసు ముగిసే వేళ దాటింది. ఆమె నా గడియారం వైపు చూసింది.

"ఇప్పుడు మొదటి అంతస్తులో ఉంటారు," అంది. కాసేపాగి, "రెండో దాంట్లో ఆయాసం తీర్చుకుంటారు," అంది.

బస్సు కదల్లేదు. నేను వింటూ కూర్చున్నాను.

"కొడతన్నారు బాబూ," అంది చివరికి. "పలకమని పిలుస్తన్నారు."