పొంగనివ్వని పాలు

ఈ వంటగదిలో మాడిన పాల వాసన నిన్నటి నుంచి పోవడం లేదు. పొంగి మాడితే ఇంత చిరాకు పడేదాన్ని కాదు, పొంగకుండానే గిన్నె అడుగంటింది. చైనాలో బయటివాళ్లెవరికీ పేరు కూడా తెలియని ఒక చిన్న నగరంలో, లిఫ్టు లేని పాత భవనం ఐదో అంతస్తులో ఈమధ్యే అద్దెకు దిగాను. యోగా నేర్పి బతికే నాలాంటిదానికి ఇక్కడి పెద్ద నగరాల్లో గది కూడా దొరకదు. ఇక్కడైతే రెండు గదులూ, ఎండ పడే బాల్కనీ, మెట్లు దిగితే కూరగాయల అంగడీ అన్నీ నా సంపాదనకు అందుతాయి. అందనిది ఒక్కటే, నేనిక్కడ ఉంటున్నానన్న గుర్తింపు. ఎంతో కష్టపడి నేర్చుకున్న వాళ్ల భాషలో వంకాయలు అడిగితే, కూరగాయలామె నా మాట వినిపించుకోకుండా ఫోన్లో అనువాదం తెరిచి నా మొహం ముందు పెడుతుంది. బస్సులో పిల్లలు విదేశీ, విదేశీ అని వేలు చూపిస్తారు. ఇంటావిడ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక్కడ పెద్దావిడల్ని ఆయి అని పిలుస్తారు. మా ఆయి దగ్గర ఇంకో తాళంచెవి ఉంది, తలుపు తట్టే అలవాటు మాత్రం లేదు. దిగిన దగ్గర్నుంచి కుదరని పని నిన్న కుదిరి, పాలు పొయ్యి మీద పెట్టి, అంచుదాకా లేస్తున్న నురగకు దండం పెట్టుకుంటుంటే, ఎప్పుడొచ్చిందో వచ్చి, ఇల్లు తగలబడుతున్నట్టు కేకపెట్టి స్టవ్ కట్టేసింది. పాలు దిగిపోయాయి. కోపంతో నాకు ఏడుపొచ్చింది.

సరిగ్గా ఇలాగే పాలను ఆపేసిన చెయ్యి నేను ఇంతకుముందు ఒకటి చూశాను. అది మా నాయనమ్మది.

నాకు ఊహ తెలిసేసరికి దిల్‌సుఖ్‌నగర్‌లో మా ద్రాక్షతోట ప్లాట్లయిపోయింది. తీగలన్నీ పీకేశారు గానీ పందిళ్లను మోసిన రాతి కడీలు మిగిలాయి, వాటినే తలో మూలా పాతి హద్దులు చేశారు, మేం వాటి మీద కూర్చుని నాదంటే నాదని రాజ్యాలు పంచుకునేవాళ్లం. ఎండాకాలం వస్తే ఏ ఇంటి ముందు చూసినా ఇసుక కుప్పే. పొద్దున్నే ఆ తడి ఇసుకలోకి భుజాల దాకా చేతులు పెట్టి సొరంగాలు తవ్వి, నత్తగుల్లలు ఏరుకుని, మధ్యాహ్నానికి కొత్త స్లాబుల మీద గట్లు కట్టి నిలిపిన నీళ్లలో కాళ్లు తడుపుకుంటూ, మేస్త్రీ తరిమితే వెదురు నిచ్చెన మీంచి దూకి పారిపోతూ, ఒళ్లంతా సిమెంటు వాసనతో ఇంటికి చేరేవాళ్లం. బతుకమ్మకు తంగేడు పూల కోసం అమ్మ వెంట ఎల్బీ నగర్ వైపు నడిచేవాళ్లం, ఏటికేడు ఇళ్లు లేచినకొద్దీ తంగేడు ఇంకాస్త దూరం జరిగేది, అంత దూరం వెళ్లొచ్చిన ఆకలికి నువ్వుల సత్తు, మలీద ముద్దలు ఎన్ని తిన్నా చాలేవి కావు. కాలనీలో ఎవరైనా దారడిగితే నాయనమ్మ ఇంటి నంబరు చెప్పేది కాదు, పాత బావి పక్కన, పుల్ల ద్రాక్ష సాలు చివర అనేది. అడిగినవాళ్లు లేని బావిని వెతుక్కుంటూ పోయేవాళ్లు.

మా పక్క పోర్షన్‌లోకి గుంటూరు వైపు నుంచి రాజ్యలక్ష్మిగారు వచ్చింది ఆ రోజుల్లోనే. భర్తకు ఏదో సర్కారు ఆఫీసులో ఉద్యోగం, ఊరికి కొత్త, కిరాణా కొట్టులో ఆమె ఏది అడిగినా ఆ యాసకు అందరూ వెనక్కి తిరిగి చూసేవాళ్లు. సామాన్లు ఇంకా గోనెసంచుల్లో ఉండగానే ఆమె తలస్నానం చేసి, కిరసనాయిలు స్టవ్‌కు పసుపూ కుంకుమా పెట్టి, పాలగిన్నె ఎక్కించింది. గడప దగ్గర నిలబడి నేనూ చూస్తున్నాను. నురగ అంచు దాటబోతుండగా నాయనమ్మ లోపలికొచ్చి వత్తులు దించేసింది.

"పాలు పొంగిచ్చేది ఇల్లుగలోళ్లు. గీ ఇంట్ల మేం పొంగిచ్చినం. నువ్వు కిరాయికొచ్చినవ్, ఛాయ్ పెట్టుకో."

రాజ్యలక్ష్మిగారు గొడవపడలేదు. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది. "అద్దె ఇల్లయినా నేను ఉండేది ఇక్కడే కదండీ మామ్మగారూ."

నాయనమ్మ గిన్నె దించి పక్కన పెట్టింది. అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. గోడకు మేకు కొట్టొద్దనేది, చేపలు వండొద్దనేది, గుమ్మం ముందు వేసిన ముగ్గు పెద్దదైందనేది. రాజ్యలక్ష్మిగారు గోంగూర పచ్చడి కలిపి నా నోట్లో ముద్ద పెట్టిన రోజున, కిరాయిదార్ల ఇంట్లో తినొద్దని నన్ను రెక్కపట్టి లాక్కొచ్చింది. ఇంత మంచామె మీద ఎందుకింత కక్షో తెలియక నాకు ఒళ్లు మండేది. ఆమె ఎక్కడ ఖాళీ చేసి పోతుందో అని భయంగా ఉండేది.

పోనే పోయారు. ఎల్బీ నగర్ దగ్గర ప్లాటు కొనుక్కుని ఇల్లు కట్టుకున్నారు, గృహప్రవేశానికి ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి పిలుస్తూ మా ఇంటికీ వచ్చింది. నాయనమ్మ రాదని మేమంతా అనుకుంటే, పట్టుచీర తీయించి అందరికంటే ముందు రిక్షా ఎక్కింది. అక్కడ దిగాక మాత్రం ఇంట్లోకి రాకుండా గేటు ముందే నిలబడి, ఏదో పారేసుకున్నదానిలా అటూ ఇటూ చూడటం మొదలుపెట్టింది. రాజ్యలక్ష్మిగారు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని, పెద్దవారు, స్టవ్ మీరే వెలిగించాలని లోపలికి తీసుకెళ్లింది. నాయనమ్మ అగ్గిపెట్టె అందుకుని గుమ్మం వైపు తిరిగింది.

"ఇది మా నాయిన జొన్నచేను. నీ దర్వాజ ఉన్నకాడ మా మంచె ఉండె," అంది. "గీడ ఆడుకున్నదాన్ని, ఇయ్యాల నువ్వు పిలిస్తెనే ఒచ్చిన."

ఆమె పుల్ల గీసింది. పాలు లేచాయి, అంచు దాటాయి, గిన్నె నాలుగు వైపులా కారి స్టవ్ మీద సుయ్యిమన్నాయి, రాజ్యలక్ష్మిగారు దించబోతే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఇంకొంచెం పొంగనివ్వమంది. ఆమె కక్ష ఎవరి మీదో నాకప్పుడే అర్థమైపోయిందని చెప్పుకోను. అప్పుడు నా ధ్యాసంతా పరమాన్నం మీదే ఉంది.

ఇప్పుడు మా ఇల్లు లేదు. పంపకాల్లో అమ్మేశారు, అక్కడ కోచింగ్ పిల్లల హాస్టలు లేచింది. పోయినసారి వెళ్లినప్పుడు హద్దురాయిగానైనా ఒక్క కడీ కనబడుతుందేమోనని వెతికితే మెట్రో స్తంభాలు తప్ప ఏమీ కనిపించలేదు, తంగేడు కట్టలు కట్టి బజార్లో అమ్ముతున్నారు, మా తోట ఉన్న చోటే ఒక గది అద్దెకు అడిగితే అది నా తాహతుకు మించిపోయింది. ఇంటివాళ్ల పిల్లనని నన్ను ఎవరి ఇంట్లోనూ తిననివ్వని నాయనమ్మ, నేను ఇంత దూరం వచ్చి కిరాయికుంటానని కలలో కూడా అనుకుని ఉండదు.

ఈ ఉదయం మళ్లీ పాలు తెచ్చాను. గిన్నె తోమి, స్టవ్‌కు పసుపు బొట్టు పెట్టి వెలిగించాను. నురగ లేస్తుండగానే తాళం తిరిగిన చప్పుడైంది. ఆయి వచ్చి చెయ్యి చాచింది, ఈసారి నా చెయ్యి ముందే స్టవ్ మీట మీద ఉంది. ఇంతకాలం కూడబెట్టుకున్న వాళ్ల మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"అద్దె ఇల్లయినా నేను ఉండేది ఇక్కడే కదండీ," అన్నాను తెలుగులోనే.

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫోన్ కోసం జేబు తడుముకుంటుండగా పాలు పొంగాయి.