బీఏ వాళ్ళ బయాలజీ, మా తాత టర్బో

బీఏలో చేరినవాళ్ళకి బయాలజీ ఏమిటని మా క్లాసంతా ఏడ్చింది. నేనొక్కదాన్నే సంతోషపడ్డాను. నా బుద్ధి గడ్డి తిని సంతోషపడ్డాను.

కొత్త పద్ధతి వచ్చిందట, ఆర్ట్స్ పిల్లలు కూడా ఒక సైన్సు పేపరు చదివి తీరాలట. నాది హిస్టరీ. పదో తరగతిలో మార్కులు చాల్లేదని నాకు సైన్సు సీటు ఇవ్వలేదు, ఆ కడుపుమంట అలాగే ఉంది. అందుకే బయాలజీ అనగానే తలుపు మళ్ళీ తెరిచారనుకున్నాను. సార్ మెయిన్‌ల్యాండ్ నుంచి మా ద్వీపానికి బదిలీ మీద వచ్చినాయన. మొదటి రోజే హిందీలో తేల్చేశాడు, మీలో ఎవరూ డాక్టర్లయ్యేది లేదు, మీకెంత కావాలో అంతే చెప్తాను, రికార్డు శుభ్రంగా రాస్తే పాసు అని. మైక్రోస్కోపులు బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. బీఏ వాళ్ళు లెన్సులు పగలగొడతారని ఆయన భయం. ఉల్లిపొర కణాలు ఎలా ఉంటాయో బోర్డు మీద గీస్తే మేం రికార్డులో గీసుకున్నాం. ఉల్లిపాయ మాత్రం ఎవరూ కొయ్యలేదు.

అయినా సరే నాకు ఆ క్లాసు నచ్చింది, ఎందుకు దాచాలి. నత్తల జాతి చెప్పిన రోజు సార్ ఒక మాటన్నాడు. గుల్ల లోపలి ప్రాణి పెరిగేకొద్దీ గుల్ల నోటి అంచు దగ్గరే కొత్త పొర వేసుకుంటూ పోతుంది, మొదట పుట్టినప్పటి చిన్న గుల్ల పైన మొనలో అలాగే మిగిలిపోతుంది అని. నేను ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా తాత మంచం దగ్గరికి పోయాను.

తాత మంచం పక్క స్టూలు మీద ఒక పెద్ద టర్బో గుల్ల, సముద్రపు నత్తది, ఉండేది. రెండు చేతులతో ఎత్తాలి దాన్ని. పైన ఆకుపచ్చ, గోధుమరంగు పెచ్చు. అరిగినచోట్ల లోపలి ముత్యపు మెరుపు తేలింది. దాని నోట్లో తాత కళ్ళజోడు, బీపీ మాత్రలు పెట్టుకునేవాడు. మా పేట డైరీ ఫార్మ్‌లో, మా వరసలో ఎవరింట చూసినా ఇలాంటిదొకటి ఉండేది. ఒకరింట్లో తలుపుకి అడ్డం పెట్టేవారు, ఒకరింట్లో కోళ్ళకి నీళ్ళు పోసేవారు. నేను ఆ రోజు వేలితో ఒక్కో గీత లెక్కపెట్టి, ఇదిగో ఇది దీని చిన్నతనం, ఇది దీని పెద్దతనం అని తాతకి చెప్పాను. తాత పకపకా నవ్వాడు. నీళ్ళలో ఇన్నాళ్ళు మునిగినా ఈ సంగతి నాకెవడూ చెప్పలేదే అన్నాడు.

ఆయన వయసులో ఉన్నప్పుడు టర్బోల కోసం మునిగేవాడు. సిలిండరూ లేదు, గొట్టమూ లేదు, ఊపిరి బిగబట్టి దిగడమే. ఆ పనిలోనే కుడి చెవి పోయింది. లైసెన్సు కాంట్రాక్టరు పేరు మీద, పడవ కాంట్రాక్టరుది, పైకి తెచ్చిన సరుకంతా కాంట్రాక్టరుదే. కానీ మునిగేవాళ్ళకి ఒక రివాజు ఉండేది. సీజను మూసే రోజు ఒడ్డున పోసిన కుప్పలోంచి ఒక్కొక్కడు తనకి నచ్చింది ఒకటి తీసుకుని ఇంటికి పట్టుకుపోవచ్చు. కాంట్రాక్టరు మొహం అటు తిప్పుకుని నిలబడేవాడట. దీని గురించి ఎవరూ కాయితం రాసుకోలేదు. మా తాత ఆఖరి సీజన్లో తెచ్చుకున్నది ఇదే. ఆ తర్వాత సర్కారు ఆ వేటని మొత్తం ఆపేసింది.

సెమిస్టరు సగంలో సార్ ఇంటర్నల్ మార్కులకి ఒక పని ఇచ్చాడు, ఇంట్లోంచి జీవానికి సంబంధించినదేదైనా ఒకటి తెచ్చి దాని గురించి మాట్లాడాలని. అందరూ మందారం, కోడిగుడ్డు, కరివేపాకు రెమ్మ, ఎండుచేప తెచ్చారు. నేను టర్బో తెచ్చాను. తాత దాంట్లోంచి కళ్ళజోడూ మాత్రలూ తీసి, తడిగుడ్డతో తుడిచి మరీ ఇచ్చాడు. సాయంత్రానికి తెచ్చేస్తావు కదా అని అడిగాడు. ఆఁ అన్నాను.

క్లాసులో నేను వాగిన వాగుడు తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. పొరల గురించి చెప్పి ఊరుకున్నానా? లేదు. మా తాత ఊపిరి బిగబట్టి మునిగి తెచ్చాడని, రివాజు ప్రకారం తీసుకున్నాడని, అందరి ముందూ గొప్పగా చెప్పాను. సార్ లేచి వచ్చి దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ఆయన మొహంలో మొట్టమొదటిసారి క్లాసు మీద ఆసక్తి కనిపించింది, నా మాటలకే అనుకుని మురిసిపోయాను. శభాష్ అని నాకు పదికి పది వేసి, గుల్లని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

సాయంత్రం అడగడానికి వెళితే గొంతు మార్చాడు. ఇది కాపాడాల్సిన జాతి, కాయితం లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరం, నీకు తెలుసా అన్నాడు. నేను పై ఆఫీసుకి రాస్తే కేసు ఎవరి మీద పడుతుందో ఆలోచించుకో అన్నాడు. మీ మేలు కోరి నోరు మూసుకుంటున్నాను, గుల్ల కాలేజీ మ్యూజియంలో ఉంటుంది, నీకు మార్కులు వచ్చాయి, ఇంక వెళ్ళు అన్నాడు.

చట్టం తప్పని నేననను. దాన్ని చదువుకున్నాను, సముద్రంలో ఆ టర్బోలు ఎందుకు కనబడకుండా పోయాయో కూడా చదువుకున్నాను. కానీ ఆ సార్ చట్టం కోసం ఉంచుకోలేదు. ఖాళీగా ఉన్న ఆయన అద్దాల అలమరకి ఒక మంచి వస్తువు కావాలి, అంతే.

ఇంట్లో నాన్నకి చెబితే మొహం పాలిపోయింది. నాన్న డెలానీపూర్‌లో ఒక సర్కారీ ఆఫీసులో రోజుకూలీ. ఇరవై ఏళ్ళుగా మస్టరు రోల్లోనే ఉన్నాడు, ఆ ఏడు పర్మనెంటు లిస్టులో పేరొచ్చింది. ఆర్డరు రావాలి. ఈ టైంలో ఇంటిమీద కేసా అని తల పట్టుకున్నాడు. గుల్ల పోతే పోనీ, ఆ మాట ఇంకెత్తకు అన్నాడు. తాతకి ఆ మాట చెప్పడానికి ఇద్దరికీ మొహం చెల్లలేదు. చివరికి నేనే చెప్పాను, పరీక్షలయ్యేదాకా కాలేజీలో ఉంచాలట తాతా అని. తాత మాత్రలు ఒక స్టీలు గిన్నెలో పోసుకున్నాడు. గుల్ల గురించి వారానికోసారి అడిగేవాడు, పరీక్షలెప్పుడే అని.

నేను ఊరుకోలేదు, ఆ మాత్రం రోషం ఉంది. తాత ట్రంకు పెట్టె అంతా గాలిస్తే అడుగున ఒక కార్డు దొరికింది. ఫొటో, గుండ్రటి స్టాంపు, కింద డైవర్ అని రాసి ఉంది. కుర్రవాడిగా ఉన్న తాత, గిరజాల జుట్టు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని సార్ దగ్గరికి పోయాను. ఆయన ఒక్క నిమిషం చూసి తిరిగిచ్చాడు. లైసెన్సు కాంట్రాక్టరుది, మీ తాత అందులో కూలీ, సరుకు మీద కూలీకి హక్కేమిటి అన్నాడు. రివాజు గురించి మళ్ళీ చెప్పాను. నవ్వాడు. అయితే ఆ రివాజు ఎక్కడ రాసుందో పట్టుకురా అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కితే ఏం లాభం, థాంక్యూ సార్ అని బయటికొచ్చాను.

పరీక్షలైపోయాయి. కాలేజీలో ఎగ్జిబిషన్ పెట్టారు, తల్లిదండ్రుల్ని పిలిచారు. నేను బాగా మాట్లాడతానని గుల్లల బల్ల దగ్గర నన్నే నిలబెట్టారు. అద్దాల పెట్టెలో టర్బో, దానికి నూనె రాసి మెరిపించారు. ముందు లాటిన్ పేరు, సేకరణ: జీవశాస్త్ర విభాగం అని అచ్చు కార్డు. తాతకి ఈ సంగతి తెలియకూడదని ఇంట్లో ఆ రోజు మాటే ఎత్తలేదు. కానీ పక్కింటి పిల్ల నా క్లాసే, దాని నోరు ఊరుకుంటుందా.

పదకొండింటికి తాత వచ్చాడు. ఒక్కడే, బస్సెక్కి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తల దువ్వుకున్నాడు. జేబులోంచి మడత పెట్టిన గుడ్డసంచీ అంచు బయటికి కనబడుతోంది. పరీక్షలైపోయాయి కదా, తీసుకెళ్ళిపోదామని వచ్చాడు.

సరిగ్గా అప్పుడే సార్ ఒక పెద్దాఫీసర్ని వెంటబెట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు. మా విభాగం ఎంతో శ్రమపడి సంపాదించిన నమూనా సర్ అని చెబుతున్నాడు. తాత పెట్టె దగ్గరికి వంగాడు, అద్దం మీద చెయ్యి వేశాడు. చెయ్యి పెట్టకు బాబా అని సార్ హిందీలో అదిలించాడు. తాత చెయ్యి తీసేసి నా వైపు తిరిగాడు. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ తెలుగే.

"ఇది నాదని చెప్పవే వాళ్ళకి. ఇమ్మని అడుగు," అన్నాడు.

ఆఫీసరు ముచ్చటపడి, పెద్దాయన ఏమంటున్నాడమ్మా అని హిందీలో నన్నడిగాడు. సార్ నా మొహంలోకే చూస్తున్నాడు. నాన్న ఆర్డరు ఇంకా రాలేదు. సార్ చేతిలో ఉన్న నా సెమిస్టరు గ్రేడు ఇంకా పడలేదు. ఈ రెంటిలో నన్ను ఏది ఆపిందో ఇన్నేళ్ళయినా నాకు తెలియదు, నాన్న ఆర్డరే అని చెప్పుకుని బతుకుతున్నాను.

చాలా బాగుందంటున్నాడు సర్, అని హిందీలో చెప్పాను.

తాత ఈ ద్వీపంలోనే పుట్టినవాడు. బెంగాలీలతో, తమిళులతో, రాంచీ వాళ్ళతో కలిసి పడవల్లో బతికినవాడు. నాకు హిందీ నేర్పింది ఆయనే. ఎడమ చెవి బాగానే పనిచేస్తుంది, నేను నిలబడింది అటువైపే. నా మాట పూర్తవగానే ఆయన నా మొహం ఒకసారి చూశాడు. కోపం లేదు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"హాఁ సాబ్. బహుత్ అచ్ఛా హై," అన్నాడు.

వాళ్ళు పక్క బల్లకి వెళ్ళిపోయారు. తాత నా తల మీద చెయ్యి వేసి, ఇంటికి బస్సు ఎన్నింటికే అని అడిగాడు.