ఖాళీ గడి

1943 మార్చి. ఫిఫ్తు ఫారం లెక్కల పరీక్ష గురువారం. నేను బుధవారం ఉదయాన్నే బయట చేరాను. బెజవాడలో మా ఇంట్లో బయట చేరడమంటే మూడు రోజులు వసారా చివరి గది. కాగితం, పుస్తకం, పలక ఏదీ ముట్టుకోకూడదు. లెక్కల్లో తప్పితే చదువు ఆపేసి బట్టల కొట్టు పనిలో తనకు సాయం చేయాలని నాన్న ముందే చెప్పారు.

శుక్రవారం లెక్కల టీచరుగారు తానే ఇంటికి వచ్చారు. హెడ్మిస్ట్రెస్‌గారిని ఒప్పించారట: నోటితో ఒక్క లెక్క చెబితే పాసు.

"నోటి మాటకు మైలేంటండీ, అడగండి," అంది నాయనమ్మ, గుమ్మానికి అడ్డంగా కూర్చుని. నా దగ్గర అష్టాచెమ్మా చింతపిక్కలు మాత్రం ఉండనిచ్చింది.

"ఎక్స్ క్యూబ్, మైనస్ ఏడు ఎక్స్, ప్లస్ ఆరు. ఎక్స్ రెండైతే విలువెంత? సింథటిక్ డివిజన్‌తో చెప్పమ్మా."

ఎక్స్‌ల ముందరి అంకెలకు వరసగా పిక్కలు పేర్చాను. నల్లవైపు ప్లస్, అరగదీసిన తెల్లవైపు మైనస్. నల్లది ఒకటి, పక్కన తెల్లవి ఏడు, ఆ పక్కన నల్లవి ఆరు. మొదటిది దించి రెండుతో గుణించి పక్కదానికి కలిపాను: మైనస్ అయిదు. మళ్ళీ గుణించి కలిపాను.

"మైనస్ నాలుగండీ."

"ఇంకోసారి చూసుకో."

చూశాను. పిక్కలు సరిగ్గానే ఉన్నాయి.

"మైనస్ నాలుగేనండీ."

"పెద్దావిడ చూసుకోమంటుంటే ఏం పొగరే నీకు!" అంది నాయనమ్మ.

టీచరుగారు లెక్క మళ్ళీ చదివారు. ఎక్స్ క్యూబ్ తర్వాత కాసేపు ఆగి, అప్పుడు మైనస్ ఏడు ఎక్స్ అన్నారు. ఆయాసం కాబోలనుకున్నాను.

"మైనస్ నాలుగు," అన్నాను మూడోసారి.

ఆవిడ లేచారు. నాన్నతో రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయారు.

శనివారం తలస్నానం చేసి, తడి జుట్టుతోనే పలక మీద వేశాను. ఒకటి, సున్నా, మైనస్ ఏడు, ఆరు. ఎక్స్ స్క్వేర్ లేదు గనక, టీచరుగారు ఆగిన ఆ చోట సున్నా వేయాలి. సున్నాకు పిక్క పెట్టలేదు, చోటూ వదల్లేదు. ఇప్పుడు విలువ సున్నా వచ్చింది.

పలక నాన్నకు చూపించాను.

"మూడుసార్లు అడిగారు కదమ్మా ఆవిడ," అన్నారు.

నిజమే, మూడుసార్లు. నాలుగోసారి అడగండని నేనెలా అనగలను? గదిలో పెట్టింది వాళ్ళు, జవాబు చెప్పింది నేను. జూన్‌లో బడి తెరిచిన రోజు కొట్లో చీరలు మడతపెడుతున్నాను. నన్ను బడికి పంపమని అప్పుడూ అడగలేదు.