పొయ్యి అవతలి చదువు

తమ మోతె ఊళ్ళో మిషన్ వాళ్ళు బడి పెడతారని విన్నప్పటి నుంచి సువార్తమ్మకు కంటి మీద కునుకు లేదు. ఆ పంతులు పని మొగుడు మత్తయ్యకు వస్తే, దొర పొలంలో బురద తొక్కే బతుకు ఇద్దరికీ తప్పుతుంది. చిక్కల్లా ఒక్కటే, మత్తయ్యకు చదువు రాదు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడాది అది. వాళ్ళ వాడలో చదువొచ్చినవాడే లేడు. "ఈ వాచకం తప్పుల్లేకుండా చదివితే ఉద్యోగం నీదే" అని పాదిరి అయ్యగారు ఆదివారం ఆదివారం వచ్చి మత్తయ్యకు పాఠం చెప్పి వెళ్ళేవారు. సువార్తమ్మను అడగాలని ఎవరికి తోస్తుంది లెండి!

దీపానికి నూనె ఎక్కడిది? పొద్దుగూకగానే పొయ్యి వెలుగులో పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు మత్తయ్య. అతనికి ఎదురుగా, పొయ్యికి ఇవతల ఆమె జొన్నరొట్టెలు కొట్టేది. అతగాడు అక్షరం మీద వేలు పెట్టి ఊరంతా వినపడేలా అరిచేవాడు, తెల్లారేసరికి మరిచేవాడు.

"గది గాదయ్యా, నిన్ననే సదివితివి గదా!" అనేది ఆమె రొట్టె తిప్పుతూ.

"నువ్వు రొట్టె సూస్కో, మాడుతది!" అని కసిరేవాడు మహానుభావుడు.

మనిషి మెదడుకు బొత్తిగా మర్యాద తెలియదు. పీట వేసి బతిమాలితే బిగుసుకుంటుంది. పనిలో ఉండి చెవీ కన్నూ అటు పారేస్తే, ఎలా కనపడితే అలాగే అంతా లోపల వేసుకుంటుంది.

పరీక్ష రోజు వాడంతా చేరింది. మత్తయ్య రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాడు. ఎదురుగా నిలబడ్డ సువార్తమ్మ ఉండబట్టలేక మిగతాదంతా గడగడా చదివేసింది. పాదిరి తెల్లబోయి పుస్తకం ఆమె చేతిలో పెట్టారు.

ఆమె చూసింది. అయ్యో, ఒక్క అక్షరమూ తెలిసినదిలా లేదు!

"బట్టీ పట్టింది!" అన్నారెవరో. జనం గొల్లుమన్నారు. ఉన్న ఒక్క దారీ పోయిందని ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడు పుస్తకాన్ని తలకిందులుగా తిప్పింది. ఇక పాదిరి ఏ పేజీ తీసినా ఎక్కడా ఆగలేదు.

పాదిరి పొట్ట పట్టుకుని నవ్వారు. "బాగుందమ్మా! కానీ తలకిందులుగా చదివితే పిల్లలకేం చెప్తావు?"

"పిల్లగాండ్లు నాకు ఎదురుంగ కూసుంటరు గదా అయ్యగారూ. పుస్తకం ఆళ్ళ దిక్కు వెడితే, నాకు గిట్లనే గదా కనవడేది?"

పాదిరి నవ్వు ఆగిపోయింది. ఏమంటావన్నట్టు ఆయన మత్తయ్య వైపు తిరిగారు. "సోమారం కెల్లి దీన్ని పాఠం జెప్పతందుకు బడికి తోలిస్త తియ్యుండ్రి" అన్నాడు మత్తయ్య.