మట్టిగొట్టాలు, తిమ్మప్ప చేతులు

తిమ్మప్ప అరచేతుల్లో చర్మం పొరలు పొరలుగా లేచిపోయేది. చినిగిన గ్లవ్స్ మార్చమని అడిగితే సూపర్‌వైజర్ రామబ్రహ్మం "వచ్చే నెల చూద్దాంలేవయ్యా" అనేవాడు. ఆ వచ్చే నెల రానే లేదు, తిమ్మప్ప అడగడమే మానేశాడు. మూసాపేటలో ఇంటికెళ్లి ఎర్రకారం తగిలితే మంట పుడుతుందని సంగటి స్పూనుతో తినేవాడు. సంగటిని స్పూనుతో తినే మనిషిని ఆయన భార్య శారదమ్మ జన్మలో చూడలేదు.

అనంతపురం నుంచి వచ్చి బాలానగర్ ఫ్యాక్టరీ షెడ్లలో చాన్నాళ్లు చేసిన తిమ్మప్ప ఇప్పుడు హైటెక్ సిటీలో ఓ పెద్ద వంటశాల బేస్‌మెంట్‌లో మురికినీళ్ల ప్లాంటు చూస్తాడు. చుట్టుపక్కల ఐటీ ఆఫీసులకు భోజనాలు అక్కడినుంచే. గిన్నెలు కడిగిన నీళ్లు ముందు జిడ్డుతొట్టికి వస్తాయి. పైకి తేలిన నూనెను అక్కడ తీసేస్తారు. మిగతా నీళ్లు సిరామిక్ గొట్టాల్లోకి పోతాయి. కాల్చిన మట్టి గొట్టాలవి. కంటికి కనపడని రంధ్రాల్లోంచి నీళ్లు బయటికొస్తాయి, మురికి లోపలే ఆగిపోతుంది. అది పొరకట్టి రంధ్రాలు మూసేస్తే కాస్టిక్ సోడా బకెట్లో కలిపి పోసి కడగాలి. ఎంత ఘాటు మందైనా గొట్టాలకేం కాదు. అయ్యేదంతా చేతులకే.

ఈ వేసవిలో గొట్టాలు మాటిమాటికీ మూసుకుపోయాయి.

"నువ్వు సరిగ్గా కడగట్లేదయ్యా. ఇంకోసారి ప్లాంటు ఆగిందంటే కాంట్రాక్టరు వేరే మనిషిని పెట్టుకుంటాడు" అన్నాడు రామబ్రహ్మం.

గొట్టాల్లోకి వచ్చే నీళ్లు సీసాలో పట్టి చూశాడు తిమ్మప్ప. పాలలా తెల్లగా ఉన్నాయి. ఎంతసేపు పెట్టినా నూనె పైకి తేలలేదు. సీసా పట్టుకుని మెట్లెక్కి పైకి పోయాడు. అక్కడ గిన్నెలు కడిగే అంజమ్మ మరిగే సబ్బునీళ్లు తూములోకి గుమ్మరిస్తోంది.

"ఇదేం పనక్కా?"

"ఏంది తమ్మీ, మర్చిపోయినవా? తొట్టి కంపు కొడ్తుందని నువ్వే కద పరేషాన్ జేసినవు. వేడి సబ్బునీళ్లు కొట్టమన్నవు. జర పోయి జూడు, తొట్టి అద్దం లెక్క మెరుస్తలేదా?"

తిమ్మప్ప తల పట్టుకున్నాడు. సబ్బుకు కరిగిన నూనె తొట్టిలో ఆగకుండా నేరుగా గొట్టాల్లోకి దిగుతోంది. ఆ సలహా తనదే.

"నా చేతులు నేనే కాల్చుకుంటి గదక్కా!"

"ఇగ ఏడ్వకు. ఏం జెయ్యాల్నో అది జెప్పు."

ఆ రోజునుంచి అంజమ్మ పాత పేపర్లతో జిడ్డు తుడిచాకే గిన్నెలు కడుగుతోంది. మరిగే సబ్బునీళ్లు ఆపేసింది. తొట్టిలో నూనె తేలింది, కంపూ తిరిగొచ్చింది. గొట్టాలు మాత్రం హాయిగా నడుస్తున్నాయి.

రామబ్రహ్మం ముక్కు మూసుకుని వచ్చి, "పోనీలే, గండం గడిచింది" అన్నాడు.

"ఇంగా గడవలేదు సార్. ఎప్పుడో ఒగసారి గొట్టాలు కడగాల్సిందే. కొత్త గ్లవ్సు, కళ్లల్లో మందు పడకుండా అద్దాలు ఇస్తేనే నేను ఆ బకెట్ ముట్టేది."

"బెదిరిస్తున్నావేంటయ్యా?"

"లేదు సార్, చేతులు చూపిస్తుండా."

రామబ్రహ్మం చూశాడు. "పైవాళ్లకు చెబుతాను" అని వెళ్లిపోయాడు. ఇది రాసే నాటికి గ్లవ్స్ రాలేదు. గొట్టాలు మళ్లీ మూసుకుపోయే రోజు మాత్రం దగ్గరపడుతోంది. ఆ రోజు బకెట్ ముట్టకపోతే తిమ్మప్పకు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

ఆఫీసుల్లో ఆ భోజనం తినేది మీరే. రేపు క్యాంటీన్‌కు వెళ్లినప్పుడు మీ అడ్మిన్‌ను అడగండి: ఈ వంట ఎక్కడ చేస్తారు, అక్కడ మురికినీళ్లు శుద్ధిచేసే మనిషి చేతులకు ఏం తొడుక్కుంటున్నాడు? తెలియదంటే, తెలుసుకుని చెప్పేదాకా అడుగుతూనే ఉండండి. మొదట్లో తిమ్మప్ప మానేసినట్టు మీరు అడగడం మానేయకండి.